ఆ జర్మన్ పల్లె, మా ఇంటి గేటు

నిన్న నేను ఇంట్లోంచి కాలు బయట పెట్టకుండానే జర్మనీలో పరువు పోగొట్టుకున్నాను, వినండి!

ఏ క్లాసుకీ వెళ్ళకుండా, ఫోన్లో వీడియోలు చూసి జర్మన్ నేర్చుకున్నానని మీకు తెలుసు కదా. నిన్న వీడియో కాల్‌లో ఇంటర్వ్యూ. ఒక చిన్న పల్లెలో, హైకె అనే ఆవిడ ఇంట్లో ఏడాదిపాటు ఉండి వాళ్ళ పిల్లల్ని చూసుకునే పని. ఇది పోతే మళ్ళీ ఇక్కడే మలేషియాలో, కువాలా సెలంగోర్‌లో మావయ్య కొట్లో కూర్చోవడమే!

అందుకే ఫుల్ ప్రిపరేషన్. వాళ్ళిచ్చిన అడ్రస్ పట్టుకుని, మ్యాప్‌లో ఉండే వీధి ఫొటోల్లో ఆ ఊరంతా తిరిగేశాను. చర్చి, దాని పక్క నీళ్ళ తొట్టి, చుట్టూ ఆపిల్ తోటలు, పక్క ఊరి రైలు స్టేషన్‌కి పోయే దారి... అబ్బ, ఎంత ముద్దుగా ఉందో!

"మా ఊరి గురించి ఏమైనా తెలుసా?" అంది హైకె.

రెచ్చిపోయాను. "తెలుసు! చర్చి దగ్గర ఎడమవైపు తిరిగితే బేకరీ. దాటగానే మీ ఇల్లు. పచ్చ తలుపు. పక్కన తీగ మీద నీలం గళ్ళ దుప్పట్లు ఆరేశారు!"

హైకె నవ్వు ఆగిపోయింది. పక్కనున్న వాళ్ళాయన మెల్లగా లేచి కిటికీ తెర లాగేశాడు!

నా కుర్చీ వెనక నిలబడ్డ అమ్మకి జర్మన్ ముక్క రాదు. అయినా పసిగట్టేసింది. "ఏటన్నావే? ఆళ్ళు బెదిరిపోనారు!"

"ఆళ్ళ ఊరు తెలుసని సెప్పినానమ్మా. దుప్పట్లు కూడా..."

"దుప్పట్లేటే? బేగి సారీ సెప్పు లా!" (ఈ 'లా' మా మలేషియా మాటల తోక!)

కంగారులో ఒక బ్రహ్మాండమైన ఐడియా. "మ్యాప్‌లోనే చూశానండీ! కావాలంటే మీరూ మా ఇల్లు చూడండి!" స్క్రీన్ షేర్ నొక్కి మా అడ్రస్ కొట్టాను. మా వీధి ఫొటో నేనెప్పుడూ చూడలేదు. ఎందుకు చూస్తాను, అక్కడే ఉంటున్నానుగా!

తెరుచుకుంది. మా గేటు. గేటు మీద కోతి, దాని చేతిలో మా బ్రెడ్ ప్యాకెట్. కింద బాతిక్ నైటీ మోకాళ్ళదాకా ఎగ్గట్టి, జుట్టు విరబోసుకుని, ఒక కాలికే చెప్పుతో, చీపురెత్తి గాల్లోకి ఎగురుతున్న ఒక ఆడమనిషి!

అప్లికేషన్లో ఏం రాశానో తెలుసా? "నెమ్మదస్తురాలిని. ఎప్పుడూ గొంతెత్తను."

అదృష్టం, ఫొటోలో మొహం మసగ్గా ఉంది. "పక్కింటావిడ" అనేశాను.

అంతే, అమ్మ కెమెరాలోకి తల దూర్చింది. ఆ బొమ్మ వైపూ నా వైపూ వేలు చూపిస్తూ తనకొచ్చిన ఇంగ్లీష్‌లో, గర్వంగా, "మై డాటర్! మై డాటర్!"

అయిపోయింది, ఇక మావయ్య కొట్టే నాకు గతి అనుకున్నాను. తీరా చూస్తే హైకె కళ్ళు తుడుచుకుంటోంది. నవ్వాపుకోలేక!

"మా ఊళ్ళో కోతులు లేవు," అంది. "పెద్ద బాతులున్నాయి. బడికెళ్ళే పిల్లల కాళ్ళు రోజూ పొడుస్తాయి. నువ్వెప్పుడొస్తావు?"

ఇన్నాళ్ళూ క్రియలూ విభక్తులూ బట్టీపట్టింది నేను. ఉద్యోగం తెచ్చింది చీపురు. అమ్మ అప్పుడే దాన్ని పాత పేపర్లో చుట్టి నా సూట్‌కేసులో పెట్టేసింది!