కొసరుగా దొరికిన సాయంత్రాలు

ఆ రోజుల్లో నేను ఏదీ మొదటి మాటకు ఒప్పుకునేదాన్ని కాదు. బట్టల కొట్టులో థానుల మధ్య పెరిగినదాన్ని. కొనేవాళ్ళు మొహం చిట్లించి మెట్లు దిగడం, మా నాన్న సరిగ్గా వీధి మొగలో "అమ్మా, ఒక్కమాట!" అని వాళ్ళను వెనక్కి పిలవడం చూస్తూ లోకజ్ఞానం సంపాదించాను. ఆ చదువుతోనే ఢిల్లీ వచ్చి, వసంత్ కుంజ్‌లో ఆటోవాళ్ళ దగ్గరా అద్దె గది ఆంటీ దగ్గరా మంచి పేరే తెచ్చుకున్నాను (ఆంటీ ఆ పేరును పంజాబీలో పలికేది, అర్థం నేనెప్పుడూ అడగలేదు).

ఉద్యోగం మాత్రం బజారుకు చాలా దూరం. కంటికి ఆనని, ఎరుపుకు అవతలి వెలుగును పొరలు పొరలుగా విడదీసి చూపే స్పెక్ట్రోగ్రాఫ్ అనే యంత్రాన్ని మా వరంగల్ మేడమ్ ఫరీదాబాద్ షెడ్డులో ఏళ్ళ తరబడి కట్టించి, హిమాలయాల్లో ఒక కొండ మీది టెలిస్కోపుకు బిగించారు. ఇక దానికి అసలు నక్షత్రాన్ని చూపించి, సరిగా చూస్తోందో లేదో తేల్చాలి. అదీ వానలు దిగేలోపే. తర్వాత టెలిస్కోపు మూసేస్తారు, మళ్ళీ తెరిచేనాటికి నా కాంట్రాక్టు ఉండదు. ఎవరికెన్ని రాత్రులో పంచే కమిటీ మీటింగు వీడియోలో పెట్టారు. కొండ మీద నెట్ సరిగా అందక, ఢిల్లీలో ఉన్న నన్ను కూర్చోమన్నారు మేడమ్. "ఎన్నిస్తే అన్ని తీస్కో. నోరు తెర్వకు," అని ముందే హెచ్చరించారు.

కమిటీ పెద్దను మేము ఠీక్ హై సార్ అనుకునేవాళ్ళం. ఆయన నోట ఆ మాట పడిందంటే ఆ విషయం ముగిసినట్టే. వానలకు ముందు మిగిలిన మూడు రాత్రులూ మాకే ఇస్తామన్నారు. అక్కడే తల ఊపి ఉంటే సరిపోయేది. నేను అలవాటుగా మొహం చిట్లించి, "సర్, పాంచ్ సే కమ్ మే నహీ హోగా," అన్నాను. అయిదు రాత్రులు కుదరవన్నారు. "తో రెహనే దీజియే సర్," అని, ఇక వద్దులెండన్నట్టు నమస్కారం పెట్టి మీటింగులోంచి బయటికొచ్చేశాను. అంటే, మెట్లు దిగానన్నమాట. ఫోను ఎదురుగా పెట్టుకుని, "ఒక్కమాట" కోసం కాచుకున్నాను. చాయ్ తెప్పించుకున్నాను. అది చల్లారింది. చివరికొక మెయిల్ వచ్చింది: మీరు వద్దన్నారు కనుక ఆ మూడు రాత్రులూ ఆకాశాన్ని ఫొటోలు తీసే కెమెరా టీముకు ఇచ్చేశాం, ధన్యవాదాలు.

"లేచొచ్చినవా?" అన్నారు మేడమ్ ఫోనులో.

"వెనక్కి పిలుస్తారనుకున్నాను మేడమ్."

"ఎవలు పిలుస్తరు? అది బేగంబజారా? నేనీడ స్వెటర్ మీద స్వెటర్ ఏసుకోని పానాతోటి కుస్తీ పడ్తున్న. నువ్వాడ ఏసీల కూసోని బేరం జేస్తున్నవ్!" తర్వాత గొంతు తగ్గింది. "ఇగ మిషన్ దింపుదాం తియ్. పెట్టెల పెట్టుడే."

ఆ చివరి మాటలో తిట్టు లేదు. భయమేసింది అందుకే.

మెట్లు దిగి, తనంతట తానే తిరిగొచ్చిన మనిషికి ధర అడిగే మొహం ఉండదు. అడిగితే కొసరే అడగాలి, గజం కొలిచాక చెయ్యి చాపి కత్తిరించే ఆ కాస్త ముక్క. రాత్రికి కొసరు ఏముంటుందా అని ఆలోచిస్తుంటే తట్టింది. కెమెరావాళ్ళకు చిమ్మచీకటి కావాలి. మాది అలా కాదు, కాంతిమంతమైన నక్షత్రమైతే మునిమాపు వెలుగులోనూ చూడగలదు. టెలిస్కోపులో ఒక అద్దం తిప్పితే చాలు, వాళ్ళ యంత్రంలోకి వెళ్ళే వెలుగు మా దాంట్లోకి మళ్ళుతుంది. సిగ్గు పక్కన పెట్టి ఠీక్ హై సార్‌కు ఫోన్ చేసి, చీకటి పడేదాకా కెమెరావాళ్ళు ఏం చేస్తారని అడిగాను.

"సర్, కెమెరావాలే అంధేరా హోనే తక్ క్యా కర్తే హై?"

"చాయ్ పీతే హై, ఔర్ క్యా."

"వో చాయ్ వాలా టైమ్ హమే దే దీజియే."

ఆ చాయ్ టైమ్ మాకిమ్మన్నందుకు నవ్వారో, నిట్టూర్చారో తెలీదు. "ఠీక్ హై."

"సుబహ్ వాలీ చాయ్ భీ, సర్?"

పొద్దుటి చాయ్ మాట ఎత్తగానే ఫోను పెట్టేశారు (ఒప్పుకున్నట్టే లెక్క వేసుకున్నాను, మా కొట్టు పద్ధతి అదే).

మొదటి రోజు రెండు పూటలూ మబ్బే. మర్నాడు సాయంత్రం, ఆకాశం ఇంకా నీలంగా ఉండగానే, మేడమ్ స్వాతి నక్షత్రాన్ని పట్టారు. కొండ మీది నెట్ ఈడ్చి ఈడ్చి పంపగా, ఢిల్లీలో నా తెర మీద ఒక తెల్లని పట్టీ పరుచుకుంది. నిండా సన్నని నల్లగీతలు, అచ్చం జరీ అంచులా. కానీ మధ్యలో రెండు చోట్ల ఖాళీ.

"మేడమ్, చినిగిపోయింది!" అని ఫోనులో అరిచాను.

"చినిగింది గాదు పిల్లా. ఆ జాగల వెలుగును మన గాలిల తేమ మింగింది. గట్లనే ఉండాలె." తర్వాత, "మంచిగొచ్చింది," అన్నారు. వెనక కెమెరా టీము చాయ్ గ్లాసుల చప్పుడు.

ఇప్పుడు ఆ కమిటీలో నేనూ కూర్చుంటున్నాను. మొన్నొక రీసెర్చి అమ్మాయి మేమిచ్చిన రాత్రులు చాలవంది, "తో రెహనే దీజియే మేమ్," అంది, తెర నల్లబడింది. పక్కాయన తర్వాతి పేరు పిలవబోతుంటే ఆపి ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తింది.

"నెట్ పోయిందా అమ్మా?"

"హా మేమ్, నెట్ చలా గయా థా." (తెలుగు పిల్లే. మనం తెలుగులో అడిగితే హిందీలో చెబుతుంది.)

తను కూర్చున్న భవనంలో నెట్ పోవడం నేనెన్నడూ చూడలేదు. తిరిగొచ్చి, ఇచ్చినవి తీసుకుని, ఇంకొక్క రాత్రి అడిగింది. ఇవ్వలేదు. సాయంత్రం చాయ్ టైమ్ మాత్రం ఇచ్చాం. థాంక్యూ చెప్పి వెళ్ళిపోయింది. పొద్దుటి చాయ్ అడుగుతుందేమోనని కాసేపు చూశాను. అడగలేదు. ఆ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ కాస్త దిగులే.