ఇంజినీరింగ్ మెకానిక్స్ కోసం ఉపవాస ప్రార్థన

ఆ రోజుల్లో లెక్క రాకపోతే మనిషి దగ్గరికే వెళ్ళాలి. ప్రశ్నను ఫోటో తీసి పెడితే చాలు, మెట్టు మెట్టుగా జవాబు విప్పి చెప్పే యంత్రాలు ఇంకా మా ఫోన్లలోకి రాలేదు. వాట్సాప్ వచ్చింది గానీ, మా క్లాసు గ్రూపులో ఎవరైనా డౌట్ అడిగితే అందరూ ‘నాక్కూడా’ అని పెట్టేవారే తప్ప జవాబు పెట్టిన పుణ్యాత్ములు లేరు. కనక రాని లెక్కతో పాటు, రాదన్న సిగ్గును కూడా వెంటబెట్టుకుని ఎవరో ఒకరి గుమ్మం ఎక్కాల్సిందే. నాకు మాత్రం ఆ తిప్పలు తప్పాయి. నాకు రాదన్న సంగతి మా అమ్మే తిరుమలగిరి అంతటికీ చెప్పి పెట్టింది.

ఇంజినీరింగ్ మొదటి ఏడు నేను మెకానిక్స్ తప్పాను. సప్లిమెంటరీలో మళ్ళీ తప్పాను. ఇక ఒక్క ఛాన్సే మిగిలింది. అందులోనూ పోతే క్రెడిట్లు చాలక డిటెయిన్ చేస్తారు. నాతో కలిసి బస్సెక్కే వాళ్ళంతా పై క్లాసుకి పోతే, నేను జూనియర్ల మధ్య ముసలమ్మలా కూర్చోవాలి. ఆ భయంతో నాకు తిండి కూడా సయించేది కాదు (అని నేననుకునేదాన్ని. అమ్మ ఖాళీ గిన్నె ఎత్తి చూపించి, “మరి ఇదెవరు తిన్నారే?” అనేది).

మాది గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ క్రైస్తవ కుటుంబం. ఇంట్లో ఏ కష్టమొచ్చినా ముందు చర్చిలో చెప్పడం, ఆ తరవాతే డాక్టరుకో ప్లంబరుకో చెప్పడం మా పద్ధతి. ఒక శుక్రవారం ఉపవాస కూడికలో అయ్యగారు (మా పాస్టరుగారిని అలాగే పిలుస్తాం) ప్రార్థన అవసరతలు ఉన్నవాళ్ళని చెప్పమన్నారు. ఒకామె మోకాళ్ళ నొప్పులు చెప్పింది. ఒకాయన బోయిన్‌పల్లిలో స్థలం తగాదా చెప్పాడు. తరవాత మా అమ్మ లేచి కొంగు సర్దుకుంది.

“మా అమ్మాయికి ఇంజినీరింగ్ మెకానిక్స్ ఉండిపోయిందండీ. చదువుతుంది గానీ, ఆ నిచ్చెన లెక్కలు దానికి పడట్లేదు. ఈసారి పోతే ఏడాది పోయినట్టే. అందరూ జ్ఞాపకం చేసుకోండి.”

అందరూ జ్ఞాపకం చేసుకున్నారు. మోకాళ్ళ నొప్పులావిడైతే, “ప్రభువా, ఆ నిచ్చెన లెక్కలన్నిటినీ ఈ బిడ్డ పాదాల కింద ఉంచు” అని కన్నీళ్ళతో వేడుకుంది. నేను చున్నీ నెత్తిమీదకి ఇంకా కిందికి లాక్కున్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. అయ్యగారు లేచి, “ప్రార్థనతో పాటు ప్రయత్నం కూడా ఉండాలి. మన స్టార్ అంకుల్ ఇంజినీరింగ్ ఆఫీసులోనే చేసి రిటైరయ్యారు. శనివారాలు ఈ పిల్లకి ఆయన చెప్తారు. దేవుడు ముందే ఏర్పాటు చేశాడు చూడండి,” అన్నారు. జనమంతా “ఆమెన్” అన్నారు. మా చర్చిలో ఆమెన్ పడ్డాక ఇక దాని మీద అప్పీలు లేదు. ఏదో చెప్పబోయి నోరు తెరిచిన స్టార్ అంకుల్, తెరిచిన నోటితో తానూ ఆమెన్ అనేశారు.

ఏటా క్రిస్మస్‌కి చర్చి మీద నక్షత్రం కట్టేది ఆయనే కనక ఆ పేరు. ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను. చూస్తే నిజంగా ఇంజినీరే అనిపించేది. శనివారం మధ్యాహ్నం సండే స్కూల్ గదిలో నా ఎదురుగా కూర్చుని, “ముందుగాల ప్రార్థన చేసుకుందాం బిడ్డా,” అన్నారు. చేసుకున్నాం. పుస్తకం తెరిచి నిచ్చెన లెక్క చూపించాను. చాలాసేపు చూశారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు.

“గీ లెక్క జెర గట్టిగనే ఉన్నది. ఇంకోపారి ప్రార్థన చేద్దాం.”

తరవాతి శనివారాలూ అదే వరస. లెక్క ఎంత కఠినమైతే ప్రార్థన అంత పొడుగు. రోగులు, ప్రయాణాల్లో ఉన్నవాళ్ళు, సరిహద్దుల్లో సైనికులు, వానలు అన్నీ అయ్యేవి గానీ, నా నిచ్చెన మాత్రం గోడకి అలాగే ఆనుకుని ఉండేది. పరీక్ష దగ్గర పడుతోంది. ఒకరోజు ప్రార్థన మధ్యలో ఉండబట్టలేక, ఎంతవరకు వచ్చిందో చూద్దామని ఒక కన్ను తెరిచాను. అంకుల్ కూడా ఒక కన్ను తెరిచి ఉన్నారు. నోరు సైనికుల కోసం వేడుకుంటోంది, కన్ను పుస్తకంలో లెక్క చదువుతోంది. రెండు ఒంటికళ్ళూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి. ఆయన గొంతు తగ్గిపోయి, సైనికుల దగ్గరే ఆమెన్ అనేశారు.

“నేను ఆఫీసుల ఇంజినీర్ని కాదు బిడ్డా,” అన్నారు తల దించుకుని. “స్టోర్స్‌ల ఉంటుంటి. సిమెంటు బస్తాలు, పైపులు లెక్క చూసి ఇచ్చెటోన్ని. అయ్యగారు అందరి ముంగట చెప్పేసిరి, అందరు ఆమెన్ అనిరి. ఇగ రాదని ఎట్ల చెప్పాలె?”

నాకు ఏడుపొచ్చేసింది. ఆయన మీద కోపంతో కాదు, నా ఏడాది కళ్ళ ముందే పోతున్నట్టు అనిపించి. అంకుల్ కంగారుపడిపోయారు. “ఏడ్వకు, పరేషాన్ కాకు. లెక్క రాకపోతే రాకపాయె. నిచ్చెన అయితే ఉన్నది కద మన దగ్గర. ఏం రాసిండ్రో చదువు,” అన్నారు.

ముక్కు ఎగబీలుస్తూ తెలుగులో చెప్పాను. గోడ నున్నన. నేల కొంచెం గరుకు. ఒక మనిషి నిచ్చెన ఎక్కుతున్నాడు. జారకుండా ఎంత ఎత్తు దాకా ఎక్కగలడు? అంకుల్ వెళ్ళి నక్షత్రం కట్టే నిచ్చెన తెచ్చి, కొత్తగా ఆయిల్ పెయింట్ వేసిన గోడకి, పుస్తకంలో బొమ్మ ఎంత వాలుగా ఉందో అంత వాలుగా ఆనించారు. నేనెక్కుతానంటే ఒప్పుకోలేదు. “నువ్వు పడితే మీ అమ్మకు నేనేం జవాబు చెప్పాలె?” అని, కింద జంపఖానాలు గుట్టగా పరిపించి, చెప్పులు విడిచి తానే ఎక్కారు. ఒక్కో మెట్టు మీదా ఆగి, “ఇప్పుడు?” అని అడిగేవారు. “ఇంకా జారట్లేదు అంకుల్,” అని నేను ఎంతో శాస్త్రీయంగా బదులిచ్చేదాన్ని. అలా సగం పైకి వెళ్ళి మళ్ళీ, “ఇప్పుడు?” అన్నారు. నేను జవాబు చెప్పే పని లేకపోయింది. నిచ్చెన అడుగు గోడకి దూరంగా జరిగింది, పై కొస గోడ మీద కీచుమంటూ దిగింది, దానితో పాటు అంకుల్ కూడా దిగారు.

పక్క హాల్లో స్త్రీల సమాజం వాళ్ళు పాట ఆపి పరుగెత్తుకొచ్చారు, అందరికన్నా ముందు మా అమ్మ. “అయ్యో అన్నయ్యగారూ, ఏమైందండీ?”

జంపఖానాల మీద కూర్చునే కళ్ళజోడు సర్దుకుని, “ఏం కాలే చెల్లెమ్మా,” అన్నారాయన. “ఘర్షణ చాలలే.”

అందరూ నవ్వారు గానీ నేను నవ్వలేదు. నా చూపంతా నిచ్చెన అడుగు మీదే ఉంది. ఇన్నాళ్ళూ పరీక్షలో, ఎక్కేవాడి మీద జాలితో, గోడ దగ్గర కూడా ఘర్షణ బాణం ఒకటి వేసి వచ్చేదాన్ని. నున్నటి గోడ ఎవర్నీ ఆపదు. పట్టంతా కింద నేల దగ్గరే. మనిషి పైకి పోయిన కొద్దీ అక్కడ ఇంకా ఎక్కువ పట్టు కావాలి. పరుగున వెళ్ళి సండే స్కూల్ బోర్డు మీద సమీకరణాలు రాసేశాను. దెబ్బ నాకు తగిలిందేమోనని అమ్మ నా తల తడిమి చూసింది.

ఆ తరవాత మా శనివారాల తీరు మారింది. అంకుల్ అడిగేవారు, నేను చెప్పేదాన్ని. “సమజ్ కాలే, మళ్ళ చెప్పు,” అనేవారు నిర్మొహమాటంగా. ఆయనకి సమజ్ అయ్యేలా చెప్పడానికి నేను ఇంట్లో ముందు రోజే కూర్చుని చదవాల్సి వచ్చేది. పరీక్షలో నిచ్చెన లెక్క వచ్చింది. ఫలితాలు అమ్మ ఫోన్లోనే చూశాం. గట్టెక్కాను. ఇద్దరం వంటింట్లోనే నిలబడి ఏడ్చాం.

ఆదివారం ఆరాధనలో నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. మైకు పట్టుకుని దేవుడికి, సంఘానికి, అంకుల్‌కి కృతజ్ఞతలు చెప్పాను. నేనింకా దిగకముందే ఒకావిడ లేచి, “మా వాడికి ఎం-టూ లెక్కల పేపరు ఉండిపోయిందండీ,” అంది. వెనక నుంచి ఇంకొకాయన తన కూతురి ఫిజిక్స్ సంగతి చెప్పాడు. అయ్యగారి ముఖం వెలిగిపోయింది. “మన స్టార్ అంకుల్ ఉండగా...” అని మొదలుపెట్టేలోగా అంకుల్ దిగ్గున లేచారు.

“ఆగుండ్రి, ఇప్పుడే ఆమెన్ అనకుండ్రి. అయ్యగారూ, నాకు ఎం-టూ రాదు. ఫిజిక్స్ రాదు. మెకానిక్స్ సుత రాకుండె. నాకు గీ పిల్లనే నేర్పింది.”

ముందు అయ్యగారే నవ్వారు, తరవాత అందరూ నవ్వారు. అంకుల్ ముఖంలో అంత తేలికదనం నేనెప్పుడూ చూడలేదు. ఆ నవ్వుల మధ్యలో మా అమ్మ లేచింది. “అయితే మా అమ్మాయే చెప్తుందండీ, శనివారాలు,” అంది గర్వంగా. ఎం-టూలో నాకు వచ్చినవి అత్తెసరు మార్కులని చెప్పబోయాను. నోరు తెరిచాను కూడా. అప్పటికే సంఘమంతా ఒక్క గొంతుతో ఆమెన్ అనేసింది.

ఇప్పుడు మాదాపూర్‌లో ఉద్యోగం. ఏదైనా తెలియకపోతే ఎవరికీ తెలియకుండా ఫోనునే అడుగుతాను, అది వెంటనే చెప్పేస్తుంది. కానీ, నోరు తెరుచుకుని మైకు పట్టుకుని నిలబడిపోయిన ఆ చున్నీ పిల్ల అప్పుడప్పుడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. అంతమంది ఒక్కసారిగా తనని నమ్మేయడం మళ్ళీ ఎప్పుడూ జరగదని పాపం దానికి తెలియదు.