కదలని బండిలో పిన్ని

పిన్ని పోయిందని మా ఆవిడ ఫోన్ చేసినప్పుడు నేను ఖురంలో మా ఇన్సూరెన్స్ ఆఫీసు కింద, ఎవరో గుద్దేసిన కారు చుట్టూ తిరుగుతూ సొట్టలు చూస్తున్నాను. ఒమాన్‌లో ఆదివారం బడి రోజే. ఆ పొద్దున స్కూలు వ్యాను వచ్చి హారన్ కొట్టినా పిన్ని కిందికి దిగలేదట. మా దగ్గరున్న తాళంచెవితో మా ఆవిడ తలుపు తీసి చూస్తే, మంచం మీద పక్కకి తిరిగి పడుకుని ఉందట. నిద్రలోనే గుండె ఆగిపోయిందని డాక్టర్లు చెప్పారు. కారు యజమాని నా వెనకాలే నిలబడి ఎంత వేస్తున్నారని అడుగుతూనే ఉన్నాడు.

మాకు రక్తసంబంధం ఏమీ లేదు. దార్సైట్‌లో ఆవిడది మా ఎదురు ఫ్లాట్. మా ఆవిడదీ బందరు వైపే కావడంతో కాపరానికి వచ్చిన కొత్తలోనే పిన్నీ అని పిలవడం మొదలుపెట్టింది. నాకూ అదే అలవాటైంది. మీలో ఇక్కడ పిల్లల్ని చదివించినవాళ్ళకి ఆవిడ లెక్కల టీచరుగా గుర్తుండే ఉంటుంది. నూలు చీర, భుజానికి గుడ్డసంచి, వాన పడని ఊళ్ళో చేతిలో ఎప్పుడూ నల్ల గొడుగు. గుడి దగ్గర చెప్పులు వరసగా లేకపోతే గొడుగు కొసతో సర్దేది కూడా ఆవిడే. మీకు తెలియనిదల్లా అల్ హైల్‌లో ఆవిడకి ఒక బండి ఉందన్న సంగతి.

నిజానికి అది బాబాయి బండి. బాబాయి ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో డ్రాయింగులు గీసేవారు. పిల్లలు లేరు, సిగరెట్టు లేదు, పేకాట లేదు. రిటైరయ్యే వయసులో ఈ ఒక్క పిచ్చి పట్టుకుంది. డెబ్బైల్లో అమెరికా వాళ్ళు చేసిన రెండు తలుపుల బండి, పొడుగాటి ముక్కు, దాని కింద లారీని లాగగలిగే ఇంజిన్. మజిల్ కార్ అంటారు. బాబాయి కొన్నదానికి ముక్కు ఉంది, కింద ఇంజిన్ లేదు. బర్కా దగ్గర ఒక తోటలో మేకలు నీడకి పడుకునే బండిని బేరమాడి తెచ్చారు. ముల్కియా లేదు, అంటే ఇక్కడ బండికి ఇచ్చే రిజిస్ట్రేషన్ కార్డు. ఓడ దిగినప్పటి కస్టమ్స్ కాగితమూ లేదు. అల్ హైల్‌లో ఒక గ్యారేజీ వెనక షెడ్డులో పెట్టించి, ఒక పాత పికప్ ఇంజిన్ తెచ్చి బిగించారు. ఆ ఇంజిన్‌కీ గేరుబాక్సుకీ చివరిదాకా పొసగలేదు. తాళం తిప్పితే షెడ్డు అదిరేలా మోగేది. అంగుళం కదిలేది కాదు.

శుక్రవారం వచ్చిందంటే ఇద్దరూ అక్కడికి వెళ్ళేవారు. ఆయన కాసేపు స్పానర్లతో కుస్తీ పట్టి, చేతులు కడుక్కుని స్టీరింగు ముందు కూర్చునేవారు. సీటు చిరిగిపోయిందని పిన్ని తన పాత నూలు చీర చింపి రెండు సీట్ల మీదా పరిచింది. తన వైపు అద్దం దించుకుని ఫ్లాస్కులోంచి టీ పోసేది. ఈ వారం ఎక్కడికని ఆయన అడగాలి, ఆవిడ ఊరి పేరు చెప్పాలి. సూర్ అనేది, సలాలా అనేది, ఎక్కువసార్లు నిజ్వా అనేది. నేను ఒకసారి వాళ్ళని తీసుకురావడానికి వెళ్ళి ఈ వేడుక కళ్ళారా చూశాను. అంత సరదా ఉంటే మామూలు కారులో నిజంగానే వెళ్ళొచ్చు కదా అన్నాను. దాంట్లో కూరగాయలకి వెళ్తాం నాన్నా, ఊళ్ళు తిరిగేది దీంట్లోనే అంది పిన్ని. నిజ్వా ఎప్పుడూ వచ్చే వారమే. ఇన్నేళ్ళు ఒమాన్‌లో ఉండి వాళ్ళిద్దరూ నిజంగా ఆ ఊరు చూడలేదు.

బాబాయి పోయాక కూడా ఆవిడ శుక్రవారాలు మానలేదు. ఒక్కతే టాక్సీలో వెళ్ళి, తన వైపు సీట్లోనే కూర్చుని, టీ తాగి వచ్చేది. స్టీరింగు వైపు ఎవర్నీ కూర్చోనిచ్చేది కాదు. ఈ ఏడు స్కూలు ఏడాది అయిపోతే ఆవిడకి రిటైర్‌మెంటు, వీసా ఉండదు. బందరు వెళ్ళిపోవాలి. ఆలోగా బండిని ఎవరో ఒకరి చేతిలో పెట్టాలని ఆవిడ పట్టుదల. పెట్టడమంటే ముక్కలు కాకుండా, బండిని బండిగా. అందుకే ఒక రోజు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి, నీ ఉద్యోగం అదే కదా, దీని విలువెంతో కాగితం మీద రాసివ్వు అంది.

బండికి విలువ కట్టడం మీరు అనుకునేంత గొప్ప విద్య కాదు. ముందు లేనివి చూస్తాం, తర్వాత ఉన్నవి చూస్తాం. నేను వెళ్ళగానే బానెట్ ఎత్తాను. వెనకనుంచి పిన్ని నిట్టూర్చింది. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. బాడీ మీద ఒక నంబరు ఉంటుందనీ, ఇంజిన్ మీద ఒకటి ఉంటుందనీ, రెండూ ఒకే బండికి పుట్టినవైతేనే గిరాకీ అనీ చెప్పాను.

"జాతకాలు కలవలేదంటావు" అంది.

"కలవలేదు పిన్నీ."

"మాకూ కలవలేదులే. వాళ్ళమ్మ వద్దన్నా వినకుండా చేసుకున్నారు. సరే, తర్వాత చెప్పు."

తర్వాతది చెప్పడానికి నేను నసిగాను. లెక్కల టీచర్ని, నా దగ్గర దాచకు అంది.

"కలిపి అమ్మితే తక్కువ పిన్నీ. విడదీసి అమ్మితే ఎక్కువ. తలుపులు, బానెట్, గ్రిల్లు, వెనక దీపాలు, ఇవన్నీ అసలువే. వీటికోసం వెతుక్కుంటూ వచ్చేవాళ్ళున్నారు. అసలు ఇంజిన్ లేని, కాగితాల్లేని బండిని మొత్తంగా కావాలనేవాడు దొరకడు."

ఆవిడ గొడుగు కొసతో నేల మీద ఏదో గీసింది.

"ముక్కలన్నీ కలిపితే మొత్తానికి సమానం అని ఇన్నేళ్ళూ పిల్లలకి చెప్పాను" అంది. "తప్పు చెప్పానన్నమాట."

కొంచెం పెంచి రాయనా అని అడిగాను. ఒప్పుకోలేదు. ఉన్నది ఉన్నట్టు రాయమంది, ఆయన బండిని మాయ చేసి అమ్ముకుందని రేపు ఎవరూ అనకూడదంది. అలాగే రాశాను. తుప్పు రాశాను, ఇంజిన్ సంగతి రాశాను, విడిభాగాలుగా అయితే ఎక్కువ పలుకుతుందని కూడా రాశాను. కుడి తలుపు అద్దం దించే పిడి అసలుది కాదని రాశాను. అది విరిగిపోతే బాబాయి ఇంట్లో అప్పడాల కర్ర చివర కోసి బిగించారు. కాగితం చదివి పిన్ని ఆ వాక్యం దగ్గర మాత్రమే నవ్వింది.

కొనడానికి కొందరు వచ్చారు. ఆవిడంత చెత్తగా అమ్మే మనిషిని నేను చూడలేదు. వాళ్ళు అడగకముందే తుప్పు ఎక్కడుందో గొడుగుతో చూపించేది. ఇంజిన్ దీనిది కాదని ముఖం చిట్లించిన ఒక హైదరాబాదీ పెద్దమనిషితో మాత్రం, మా ఆయన గుండెకి బైపాస్‌లో కాలి నరం తీసి వేశారు, అసలుది కాదని నేనేమైనా విలువ తగ్గించానా అంది. ఆయన టోపీ సర్దుకున్నాడు. అందర్నీ ఆవిడే వద్దని పంపించేసేది. ఒక రోజు విసుగొచ్చి, అసలు మీకు ఎలాంటివాడు కావాలని అడిగాను.

"వచ్చినవాడల్లా ముందు బానెట్ ఎత్తుతున్నాడు నాన్నా. నువ్వూ అంతే. ముందు తలుపు తీసి, లోపల కూర్చుని చూసేవాడు ఒక్కడైనా రాకపోతాడా?"

రాలేదు. ఆవిడ పోయేనాటికి స్కూలు ఏడాది ఇంకా పూర్తికాలేదు.

పిన్ని కాగితాలన్నీ ఒక కవర్లో సర్దిపెట్టుకుంది. పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు, తమ్ముడి నంబరు, అన్నీ. అందువల్ల ఆవిడను విమానంలో పంపడానికి పెద్ద ఇబ్బంది కాలేదు. వస్తువుని పంపినట్టు సంతకాలు పెట్టించుకున్నారు. మా ఆవిడ ఆ నల్ల గొడుగు కూడా వెంట పంపుదామంది, కుదరదన్నారు. అది ఇప్పుడు మా తలుపు వెనక వేలాడుతోంది.

బండి గురించి బందరులో తమ్ముణ్ణి అడిగాను. పెద్దాయన, ఏడుస్తూనే మాట్లాడాడు. నాకేం తెలుస్తుంది బాబూ, ఎంతొస్తే అంతకి ఇచ్చేయండి, అక్క పేరున గుడిలో ఇవ్వండి అన్నాడు. ఇంకొన్నాళ్ళు ఆగుదామని నాకుంది. గ్యారేజీ చూసుకునే జగిత్యాల మనిషి నాకంటే ఎక్కువ బాధపడ్డాడు. కానీ అతని చేతిలోనూ ఏమీ లేదు.

"జాగ ఖాళీ చెయ్యాలె అన్నా. అర్బాబ్ రోజూ అడుగుతుండు" అన్నాడు. అర్బాబ్ అంటే ఆ షెడ్డు యజమాని. "టీచరమ్మ ఉన్నదని ఇన్నొద్దులు ఆపిన. ఇగ ఏం చెప్పి ఆపాలె?"

తెలిసినవాళ్ళందర్నీ అడిగాను. మొత్తంగా తీసుకుంటానన్నవాడు ఒక్కడూ దొరకలేదు. నేను రాసిన కాగితం అబద్ధం కాలేదు. అయి ఉంటే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది. చివరికి బర్కాలో పాత బండ్లు విప్పి అమ్మే ఒకతను వచ్చాడు. బానెట్ ఎత్తి చూశాడు, దించాడు, దీపాలు తట్టి చూశాడు, సరేనన్నాడు. తలుపు తియ్యనేలేదు.

అతను ట్రక్కు కోసం ఫోన్ చేస్తుండగా నేను పిన్ని సీట్లో కూర్చున్నాను. అద్దం దించే ఉంది, చివరి శుక్రవారం ఆవిడ దించినట్టే. చీర ముక్క మీద సన్నటి దుమ్ము పేరుకుంది. అప్పడాల కర్ర పిడి ఆవిడ చేతి రాపిడికి నున్నగా అయిపోయింది. విప్పి జ్ఞాపకంగా ఉంచుకుందామని దాని మీద చెయ్యి వేశాను. విప్పలేకపోయాను. ఆ పని చేసేవాడు బయట ఎలాగూ ఉన్నాడు, ఇంకొకడు ఎందుకనిపించింది. అద్దం ఎత్తకుండానే దిగి వచ్చేశాను.

రికవరీ ట్రక్కు మీదికి బండిని ఎక్కించి, చక్రాలు కట్టి తీసుకెళ్ళారు. నేను నా కారులో కొంతదూరం వెనకాలే వెళ్ళాను. ఆ బండి రోడ్డు మీద పోతుండగా చూడటం నాకు అదే మొదలు. పెద్దరోడ్డు ఎక్కగానే ట్రక్కు వేగం పెంచింది. పిన్ని వైపు కిటికీలోంచి గాలి లోపలికి కొట్టి, సీటు మీది చీర ముక్క లేచి, సగం బయటికి వచ్చి రెపరెపలాడింది. నిజ్వాకి తిరిగే బోర్డు వచ్చింది. ట్రక్కు తిరగకుండా బర్కా వైపు పోయింది.