సేవ్ కొట్టే దేవుళ్లు

దేవుళ్లు అనే ఆయనకున్న పిచ్చి ఒక్కటే: సేవ్ కొట్టడం. అదీ తన పాత కంప్యూటర్లో, బొమ్మలూ అక్షరాలూ గీసే ప్రోగ్రాం ఐదో వెర్షన్లోనే.

నర్సీపట్నంలో డీటీపీ కొట్టు పెట్టింది మొదలు ఆయనకు కుదురు లేదు. కరెంటు పోతుందేమోనని గీత గీస్తే సేవ్, తుమ్మొస్తే తుమ్మేముందు సేవ్. భార్య అప్పలకొండ పులుసులో ఉప్పేస్తుంటే వంటింట్లోకి తొంగిచూసి, "సేవ్ కొట్టేవా?" అనేవాడు.

"ఉప్పుకి సేవేటి? ఎక్కువైతే నువ్వే తాగు!"

ఊరంతా కొత్త కంప్యూటర్లు కొన్నారు. పక్క కొట్టు బాలన్న ఊరుకునేవాడు కాదు.

"ఈ డొక్కుపెట్టె ఎప్పుడమ్ముతావురా? అందులో గీసిన నీ సీడీఆర్ ఫైలు నీకూ దేవుడికీ తప్ప తెరుసుకోదు."

"దేవుడు కొత్త వెర్షనేసుకుంటే ఆయనకీ తెరుసుకోదు," అని దేవుళ్లు మళ్లీ సేవ్ కొట్టేవాడు.

రెండువేల తొమ్మిది వానల్లో లోవలక్ష్మి వచ్చింది. ఆమె భర్త, బోర్డులు రాసే సింగన్న, పోయి ఏడు నెలలు. ఆమె కుట్టుకొట్టుకి ఆయన రాసిన రేకుబోర్డు తుప్పుపట్టి, అక్షరాలు పెచ్చులూడిపోయాయి. ఫ్లెక్సీ కొట్లలో అందరిదీ ఒకటే మాట: "ఏ ఫాంటు కావాలమ్మా?"

"ఆయన రాత కావాలన్నయ్యా. అప్పుడెప్పుడో కొట్టు కార్డుకని ఆ రాత నీకిచ్చేడు. ఉందా?"

దేవుళ్లు లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచి ఫ్లాపీల డబ్బా దింపాడు. మొదటి ఫ్లాపీ గర్రుమని ఆగిపోయింది. రెండోది చదవనంది. లోవలక్ష్మి కొంగు చివర వేలికి చుడుతూ, విప్పుతూ నిలబడింది. మూడోదానికి తెర మీద బొటనవేలంత రాత తేలింది: లోవలచ్చిమి టైలర్స్.

దేవుళ్లు దాన్ని తెరంతా సాగదీశాడు. ఒక్క అంచూ చెదరలేదు.

"ఫొటో కాదు సెల్లెమ్మా, ఆయన రాత మీద నేను గీసిన గీతలు. గోడంత సేసినా అక్షరం పగలదు. కొత్త కంప్యూటరు దీని మొహమే సూడదు. ముప్పైమంది పెయింటర్ల సేతిరాతలున్నాయిందులో. పెట్టె అమ్మేస్తే పోయినోళ్లు మళ్లీ వొచ్చి రాస్తారేటి?"

దేవుళ్లు తెర మీద 'లచ్చిమి' దగ్గర వేలు పెట్టాడు.

"మరి తప్పుంది. లక్ష్మి అని దిద్దీమంటావా?"

సింగన్న ఆమెను ఏనాడూ లక్ష్మి అని పిలిచి ఎరగడు.

"దిద్దితే ఆవిడెవరో నాకు తెలీదన్నయ్యా. అలాగే ఉంచు."

పైన ఫ్యాను మెల్లబడింది. దేవుళ్లు కంటే ముందు లోవలక్ష్మే అరిచింది:

"బేగి సేవ్ కొట్టన్నయ్యా, కరెంటు పోతాంది!"