అత్తయ్య గారికి చెప్పిన ఇంగ్లీషు హత్య కథ

మొన్న శనివారం డాలస్ పక్కన మా కాపెల్ ఊరి లైబ్రరీలో పాత పుస్తకాలు అమ్ముతున్నారని మా ఆవిడ వెంటబెట్టుకుని వెళితే, వంటల పుస్తకాల పక్కన ఒక పల్చటి ఇంగ్లీషు డిటెక్టివ్ నవల కనిపించి నన్ను అక్కడే నిలబెట్టేసింది. అట్ట మీద పెద్ద గుమ్మడికాయ, దాని పక్కన బోర్లా పడిన టోపీ. మా ఆవిడ చూసి నా భుజం మీద చెయ్యి వేసింది. కొనలేదు. కొని ఏం చేసుకుంటాను? ఆ కథంతా నాకు గుర్తే.

నా ఈడువాళ్ళకి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి, కంప్యూటర్ కంపెనీలు ఒకదాని వెనక ఒకటి మూతపడి, నిన్నటిదాకా మనతో కలిసి లంచ్ చేసిన వాళ్ళు ఇవాళ పెట్టె సర్దుకుని పార్కింగ్ లాట్‌లో దిక్కు తోచక నిలబడిన రోజులు. అప్పట్లో మేము ఇల్లినాయ్‌లో, అరోరాలో చిన్న అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. మా ఆవిడ ఉద్యోగం నిలిచింది, నాది పోయింది. అప్పటికి మా అమ్మాయి పుట్టి కొన్ని నెలలే కావడంతో, పిల్లని చూసుకోవడానికి అత్తగారు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. ఆవిడకి తెలిస్తే బెంగ పెట్టుకుంటారని, ఫోన్‌లో మామగారికి చెబితే ఆయన నిద్రపోరని, ఇద్దరం ఆలోచించుకుని అసలు విషయం దాచాము. ఇంటి నుంచే పని చేయమన్నారని చెప్పి, నేను పడకగదిలో లాప్‌టాప్ ముందు కూర్చుని వాళ్ళకీ వీళ్ళకీ రెజ్యూమేలు పంపుతూ పొద్దు పుచ్చేవాణ్ణి.

మా ఇళ్ళలో అత్తగారు అల్లుడి ఎదుట కూర్చోవడం, నేరుగా మాట్లాడటం అప్పటికి అలవాటు లేదు. మా ఆవిడ ఆఫీసుకి వెళ్ళిపోయాక, ఆ చిన్న ఇంట్లో ఎలా పలకరించుకోవాలో తెలియని మా ఇద్దరికీ మా అమ్మాయే దిక్కు. ఆవిడ ఉయ్యాల వైపు తిరిగి మీ నాన్నగారికి అన్నం వడ్డించానని చెప్పవే అనేవారు. నేను భోజనం చేసి, మీ అమ్మమ్మ పులుసు బాగా పెట్టారని అదే ఉయ్యాలకి చెప్పేవాణ్ణి. మాటలు రాని ఆ పసిది మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి బోసినవ్వులు నవ్వేది.

ఒకరోజు డైపర్లు కొనడానికి వెళ్ళి, దారిలో ఉన్న లైబ్రరీ నుంచి ఆ నవల తెచ్చుకున్నాను. ఇంగ్లండులో ఒక పల్లెటూరు, అక్కడ ఏటా గుమ్మడికాయల పోటీ, ఆ పోటీకి న్యాయనిర్ణేతగా వచ్చిన పెద్దమనిషి డేరాలో కాయల మధ్య చచ్చి పడి ఉంటాడు. విచారణకి వచ్చిన ఇన్‌స్పెక్టరుకి కుక్కలంటే చచ్చే భయం. ఆ ఊళ్ళో కుక్క లేని ఇల్లు లేదు. ఆయన గోడల అవతల నిలబడి, మెడ చాచి, సాక్షుల్ని కేకలేసి అడుగుతుంటే సగం రహస్యాలు ఊరంతా వినేస్తుంది. మనసులో ఎంత దిగులున్నా, ఆ ఘట్టం దగ్గర నాకు నవ్వు ఆగలేదు.

వంటింట్లోంచి అత్తగారు, మీ నాన్నగారు ఎందుకు నవ్వుతున్నారో కనుక్కోవే అన్నారు. ఉయ్యాల చెప్పే విషయం కాదు కనుక నేనే చెప్పవలసి వచ్చింది.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం పిల్ల నిద్రపోగానే కథ నడిచేది. మొదట్లో ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి వినేవారు, తర్వాత స్టూలు తెచ్చుకున్నారు, చివరికి ఏ రోజునో మరి, బల్ల దగ్గర నాకెదురుగా కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వినసాగారు. ఇన్‌స్పెక్టరు మా కథలో ఎస్సై గారైపోయాడు. ఆ ఊరి చర్చి ఫాదర్‌ని నేను పాస్టరు గారు అనగానే, తెనాలిలో తమ వీధి చివర ఉండే పాస్టరు గారి పొట్టా కళ్ళజోడూ ఆయనకి తగిలించి మరీ ఊహించుకునేవారు. నవ్వు వస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవారు. ఉద్యోగం లేని ఆ రోజుల్లో నేను ఎదురుచూసినది ఏదైనా ఉంటే అది ఆ మధ్యాహ్నం పూటే.

కథ ముగింపుకి వస్తుండగా, హంతకుడు ఎవరో చెప్పమని ఆవిడని అడిగాను. నా అనుమానం పాస్టరు గారి మీద. ఆవిడ చేతిలో పని ఆపకుండానే, చచ్చిపోయినాయన మరదలు అన్నారు. ఎలా చెప్పగలరని అడిగాను.

"ఊళ్ళో అందరూ ఎవరు చేశారు, ఎవరు చేశారని అడుగుతూనే ఉన్నారు బాబూ. ఆవిడొక్కతే అడగలేదు. తెలిసినవాళ్ళు అడగరు."

ఆఖరి పేజీలు తిప్పి చూస్తే మరదలే. నేను పుస్తకం మూసి ఆశ్చర్యపోతూ ఉంటే, ఆవిడ చిక్కుళ్ళ గిన్నె పక్కకి జరిపి, మొదటిసారి నా ముఖంలోకి చూసి నెమ్మదిగా అన్నారు.

"మీ ఉద్యోగం గురించి నేను కూడా అడగలేదు కదా."

ఎప్పటి నుంచి తెలుసని అడిగితే, నేను ఇంట్లో కూర్చున్న వారానికే అన్నారు. మామగారికి చెప్పలేదట, చెప్పరట. నేను తల వంచుకుని, ఎన్ని చోట్ల కాదన్నారో, భార్య సంపాదన మీద కూర్చుని తినడం ఎంత బరువుగా ఉందో, మా ఆవిడతో కూడా అనని మాటలన్నీ ఆవిడతో చెప్పుకున్నాను. ఆవిడ ఓదార్చలేదు. లేచి కాఫీ కలిపి తెచ్చి, ఈసారి ఉయ్యాలతో కాకుండా నాతోనే, తీసుకోండి అన్నారు.

ఆ నెలలోనే డాలస్‌లో ఉద్యోగం దొరికి నేను ముందుగా వెళ్ళిపోయాను. నేను ఇల్లు చూసుకుని తిరిగి వచ్చేలోగా ఆవిడ వీసా గడువు తీరి ఇండియా వెళ్ళిపోయారు. ఆవిడ ఎయిర్‌పోర్ట్ నుంచి ఫోన్ చేసినప్పుడు, ఈసారి వస్తే ఇంకో పుస్తకం చెబుతానని నేను అన్నట్టు గుర్తు.

కొన్నేళ్ళకి ఆవిడ మళ్ళీ వచ్చారు. అప్పటికి కాపెల్‌లో పెద్ద ఇల్లు, ఆవిడ గదిలో ఆవిడకి టీవీ, నాకు పొద్దస్తమానం మీటింగులు. ఎదురుపడితే నవ్వుకునేవాళ్ళం, నేరుగానే మాట్లాడుకునేవాళ్ళం, ఎండల గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి. ఆ రచయితదే మరో నవల తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాను. ఆవిడ అట్ట చూసి మురిపెంగా నవ్వి, బల్ల తుడిచి దాన్ని జాగ్రత్తగా పక్కకి పెట్టారు. నాకు తీరిక లేదని ఆవిడ అడగలేదు. ఆవిడకి సీరియళ్ళ మీద ఆసక్తి కలిగిందని నేను మొదలుపెట్టలేదు. లైబ్రరీ గడువు వచ్చి పుస్తకం వెళ్ళిపోయింది, కొన్నాళ్ళకి ఆవిడా ఇండియా వెళ్ళిపోయారు.

ఆవిడ చనిపోయాక తెనాలి వెళ్ళినప్పుడు, పక్కింటి పెద్దావిడ ఒకరు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. మా అత్తగారు వాళ్ళందరికీ ఆ కథని ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదట.

"మా అల్లుడు ఇంకోటి చెప్తానన్నాడు, రాగానే మీకూ చెప్తాననేదండి. చెప్పారా మరి?"

లేదని చెప్పాను.

ఇప్పుడు నేనే మామగారిని. మా అల్లుడు ఇక్కడే పుట్టినవాడు, నన్ను అంకుల్ అంటాడు, నా సోఫాలో కాళ్ళు చాపుకుని కూర్చుని, తన ఆఫీసులో లేఆఫ్‌లు ఉన్నాయని తన తండ్రి కంటే ముందు నాకే చెబుతాడు. ఇదే మంచిది, ఆ పాత మొహమాటాలు మళ్ళీ రావాలని నేను కోరుకోను. కాని మాకు ఆ రోజుల్లో ఒక్క మాట కలవడానికి ఎంత కాలం పట్టిందో, కలిశాక అది ఎంత అపురూపంగా ఉండేదో వీళ్ళకి చెప్పినా అర్థం కాదు. అంత కష్టపడి కలిసిన మాటని, ఏ తగాదా లేకుండా, ఎవరి తప్పూ లేకుండా, ఒకే కప్పు కింద ఉంటూ మేమిద్దరం ఎలా పోనిచ్చుకున్నామో నాకే ఇప్పటికీ అర్థం కాదు.