వీలునామాలో లేని అక్క

"అయితే మీ నాన్న నీకు చిల్లిగవ్వ కూడా రాయలేదా?"

సగం గడ్డం మీద ఇంకా నురుగు ఉండగానే కుర్చీలోని గిరాకీ అడిగేశాడు. అక్క కత్తి ఆపలేదు.

"లేదండీ. మెడ కదపకండి."

ఆ సెలూన్‌కి వచ్చేవాళ్లందరికీ ఆమె అక్కే, ఆమెకన్నా పెద్దవాళ్లకి కూడా. ఇరవై ఏళ్లుగా కిటికీ పక్క కుర్చీ ఆమెది, దుకాణం తండ్రిది. ఆడవాళ్లకి కూడా జుట్టు కత్తిరించడం మొదలుపెట్టిందని ఆయన ఆమెతో మాట్లాడటం మానేశాడు. గడ్డం గీయించుకోవడం మాత్రం మానలేదు. రోజూ మూతి ముడుచుకుని వచ్చి ఆమె కుర్చీలోనే కూర్చునేవాడు. గొంతు మీద కత్తి పెట్టనిచ్చిన ఆ మనిషే, పోతూ పోతూ దుకాణం మొత్తం కొడుక్కి రాసిపోయాడు. కొడుకు అద్దెకు కారు తిప్పుతాడు, దువ్వెన పట్టడం కూడా రాదు. నెల తిరక్కుండానే దుకాణం అమ్మకానికి పెట్టాడు.

పోయినవాళ్ల మాట కాదనకూడదని బంధువులు అక్కకి హితబోధ చేశారు. ఎందుకు కాదనకూడదో ఎవరూ చెప్పలేదు. బతికుండగా ఆయన మాట విన్నవాళ్లు ఆ బంధువుల్లో ఒక్కరూ లేరు.

దారి చూపింది బోడి లాయరు. నడినెత్తి నున్నగా ఉన్నా, చెవుల చుట్టూ మిగిలిన నాలుగు వెంట్రుకలూ సర్దించుకోవడానికి నెలనెలా వస్తాడు.

"ఎవరికి రాయాలో నాన్న ఇష్టం కదండీ?" అంది అక్క.

"కొన్ని దేశాల్లో అంతే, మనసైతే కుక్కపిల్లకి రాసుకోవచ్చు. మన ఊళ్లో మీలాంటి కుటుంబాలకి ఇంకా పాత ఫ్రెంచి చట్టమే, అది అలా ఊరుకోదమ్మా. పాత రోమన్ కోర్టుల్లో, కారణం లేకుండా పిల్లల్ని వదిలేస్తే అది మతి తప్పినవాడి వీలునామా అనేవాళ్లు. అప్పటి నుంచీ సాగుతోంది ఈ పేచీ. మన దగ్గర ఇద్దరు పిల్లలుంటే మూడో వంతే తండ్రి ఇష్టం. తక్కిన రెండు వంతులూ మీకు చెరొకటి, ఆయన రాసినా రాయకపోయినా."

"మూడో వంతా? అంటే ఓ కుర్చీ, ఓ అద్దం. కొనేవాడు నన్ను గెంటేస్తాడు."

"ఆగు. బతికుండగా ఇచ్చింది కూడా ఆస్తిలో కలిపే లెక్క కడతారు. ఆ కారు ఎవరు కొనిచ్చారు?"

బెంచీ మీద వంతు కోసం కూర్చున్నవాళ్లు పగలబడి నవ్వారు. క్రాఫుకి తల వంచిన ప్రతిసారీ తమ్ముడు చెప్పుకునే గొప్ప అదే కదా: "మా నాన్న అక్కకి కత్తెరిచ్చాడు, నాకు కారు కొనిచ్చాడు!"

నోటీసు అందగానే తమ్ముడు మాట మార్చాడు. కారు తన కష్టార్జితమన్నాడు. కానీ విన్నవాళ్లు ఊరంతా ఉన్నారు, సాక్ష్యానికి బెంచీ మొత్తం సిద్ధమైంది. అతను ఒప్పుకోక తప్పలేదు.

కారుకి పెట్టింది ఆరు లక్షలు, దుకాణం ఆరు లక్షలు. రెండూ కలిపి పన్నెండు, అందులో మూడో వంతు నాలుగు. అంటే దుకాణంలో మూడింట రెండు వంతులు అక్కవే. మిగిలిన రెండు లక్షలు తమ్ముడికి విడతలుగా ఇచ్చేలా రాసుకుని, దుకాణం ఆమె ఉంచుకుంది.

ఆ సాయంత్రం 'అమ్మబడును' బోర్డు పీకేసి, కిటికీ పక్క కుర్చీలో తనే కాళ్లు చాపుకుని కూర్చుంది. ఇన్నేళ్లలో అందులో కూర్చోవడం అదే మొదలు. మెత్తగానే ఉంది.

తమ్ముడు ఇప్పటికీ అక్కడికే వస్తాడు.

"క్రాఫు డబ్బులు నీ బాకీలో కోసేసుకో, అక్కా."

"నోరు మూసుకుని తల వంచరా."

అతనికి ఆమె ఇంకా అరవై వేలు ఇవ్వాలి.