మా మామ్మ దొంగల కథలు మానేసిన ఏడాది

నా చిన్నప్పుడు మా ఊరి ఆడవాళ్ళు ఒకరికొకరు ఎదురైతే కూరేం వండావని అడిగేవారు కాదు, కొత్తగా ఏం కథ విన్నావని అడిగేవారు. రాజోలుకు కొంచెం దిగువన, గోదావరి పాయ ఒడ్డున ఉండేది మా ఊరు. అచ్చు పుస్తకం అప్పటికింకా మా కంట పడలేదు. ఒకటి రెండు ఇళ్ళలో తాటాకు పుస్తకాలున్నా వాటిని విప్పి చదివేది మగవాళ్ళే. మా కథలన్నీ పడవల మీద వచ్చేవి. పుట్టింటికి వెళ్ళొచ్చిన కోడలు ఒకటి తెచ్చేది, కోటిపల్లి తీర్థానికి వెళ్ళిన ముసలమ్మ ఇంకోటి తెచ్చేది. మధ్యాహ్నం పనులయ్యాక మా పెరట్లో చేరి, కొబ్బరాకుల ఈనెలు తీస్తూ వాటిని పంచుకునేవారు.

అందరికంటే ఎక్కువ కథలు మా మామ్మ దగ్గర ఉండేవి. మామ్మంటే మా నాన్నగారి తల్లి. ఆవిడ దగ్గర కోటల కథలూ ఉండేవి, దొంగల కథలూ ఉండేవి. కోటల కథల్లో పాతకాలపు రాజులు, ముట్టడులు, సొరంగాలు. దొంగల కథలు చిన్నవి. ఏదో ఊళ్ళో ఏదో వస్తువు పోతుంది, నలుగురి మీద అనుమానం వస్తుంది, తెలివైనవాళ్ళెవరో ఆ ముడి విప్పుతారు. అసలు దొంగ పేరు చెప్పేముందు మామ్మ కాసేపు ఆగేది. అప్పుడు పెరడంతా తలో పేరూ చెప్పి వాదించుకునేది.

ఎప్పుడూ సరిగ్గా చెప్పేది పక్కింటి అక్క ఒక్కతే. కాపురానికి వెళ్ళకముందే భర్త పోయి, అన్నగారింట్లో ఉండేది. తెల్లచీర కట్టుకుని మా పెరటి గుమ్మానికి అవతలే కూర్చునేది. నలుగురిలోకి రాకూడదని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. కానీ కథ విషయానికొస్తే ఆమె మాటే మాట. ఎవరికి ఏ కథ నచ్చుతుందో ఆమెకే తెలుసు. "ఆ కోట కథ వినండి వదినా, మొదట్లో విసుగ్గా ఉంటాది గానీ ఏనుగు వచ్చేదాకా ఓపిక పట్టండి" అనేది. ఒక కథలో దొంగ ఎక్కడినుంచో చివర్లో ఊడిపడితే ఒప్పుకోలేదు. "అదేం న్యాయమండీ మామ్మగారూ? దొంగ మొదట్నుంచీ మన మధ్యనే తిరగాలి కదండీ" అంది. మామ్మ ముచ్చటపడి నవ్వింది. ఆ మధ్యాహ్నాల్లో అక్క మొహం చూస్తే ఆమెకు లోటేమీ లేదనిపించేది.

ఆ ఏడు మా ఊరి కామందు గారింట్లో పెళ్ళి జరిగింది. ఊళ్ళో పొలాలు చాలావరకు ఆయనవే, అక్క అన్నగారు దున్నేది కూడా ఆయన భూమే. పెళ్ళి మూడునాళ్ళూ అక్క కామందు గారి పెరట్లో, వంటపాక వెనకాల, ఎవరి కంటా పడకుండా పప్పులు రుబ్బింది. పెళ్ళయిన కొన్నాళ్ళకు కామందు గారి భార్య మా పెరట్లోకి వచ్చి కూలబడింది. జడలో పెట్టుకునే బంగారు నాగరం కనబడటం లేదంది.

మొదట అందరూ జాలిపడ్డారు. తర్వాత, అలవాటు కొద్దీ, అది కథలాగే మొదలైంది. పెళ్ళికి ఎవరెవరు వచ్చేరు, ఎవరు ఏ గదిలోకి వెళ్ళేరు, ఎవరు ముందుగా ఇంటికి పోయేరు అని ఒక్కొక్కరే అందుకున్నారు. కళ్ళు మెరుస్తున్నాయి, చేతుల్లో ఈనెలు ఆగిపోయాయి. అంతలో ఒకావిడ గుమ్మం వైపు చూసి, "దొంగ మన మధ్యనే తిరగాలని అన్నది ఎవరో గుర్తుందా?" అంది. కొందరు నవ్వారు. "అంత బాగా కనిపెట్టేదానికి ఎలా తియ్యాలో తెలీదా ఏంటి?" అంది మరొకావిడ. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"నేను వంటపాక దాటి రాలేదండీ" అంది అక్క.

"దాటలేదని చూసినవాళ్ళెవరు?" అంది కామందు గారి భార్య.

అక్క మా మామ్మ వైపు చూసింది. మామ్మ తల ఎత్తలేదు. చేతిలో ఉన్న ఆకును చీలుస్తూనే ఉంది.

ఎవరూ వెతకలేదు, పంచాయితీ పెట్టలేదు. కామందుతో మాట వస్తే పొలం పోతుందని భయపడి, ఆ వారంలోనే అన్నగారు అక్కను పడవెక్కించి అవతలి లంకలో ఉన్న అత్తవారింటికి పంపేశాడు. కొడుకును మింగిందని వాళ్ళు ఆమె మొహం కూడా చూసేవాళ్ళు కాదు. పంపేరోజు ఆమె ఏడవలేదు. రేవు దాకా వెళ్ళి చూసినదాన్ని కనక చెబుతున్నాను, చిన్న మూటను ఒళ్ళో పెట్టుకుని నీళ్ళకేసి చూస్తూ కూర్చుంది.

మళ్ళీ పెళ్ళిళ్ళ కాలం వచ్చింది. కామందు గారి భార్య సందుగలోంచి పట్టుచీర తీసి దులిపితే మడతల్లోంచి నాగరం జారి పడింది. ఆవిడ సంతోషం పట్టలేక మా పెరట్లోకి పరుగెత్తుకొచ్చింది.

"చీరతోపాటు నేనే మడతెట్టేసేనండీ! అచ్చం కథలాగే ఉంది కదూ!"

అందరూ హమ్మయ్య అనుకున్నారు, నవ్వుకున్నారు కూడా. మా మామ్మ లేచి లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని రేవుకు వెళ్ళి పడవెక్కింది.

లంకలో పొగాకు తోట మధ్య అక్క వంగి ఆకు గిల్లుతోంది. చేతులు నల్లగా జిగటపట్టి ఉన్నాయి. మమ్మల్ని చూసి గబగబా కొంగు సర్దుకుంది. మామ్మ ఆ చేతులను అలాగే పట్టుకుంది.

"నువ్వు తియ్యలేదని ఆవేళే నాకు తెలుసమ్మా. తెలిసీ నోరు విప్పలేదు. కామందు గారి భార్య ఎదురుగా ఉందని భయపడ్డాను. నన్ను క్షమించు."

పెద్దవాళ్ళు చిన్నవాళ్ళను క్షమించమని అడగడం, అందులోనూ అక్కలాంటి మనిషిని అడగడం, నేనంతకు ముందు చూడలేదు. అక్క కంగారు పడిపోయింది.

"అయ్యో, అంత మాటెందుకండీ మామ్మగారూ. దొరికిందా అండీ? ఆయ్, పోన్లెండి."

"వచ్చెయ్యమ్మా. మీ అన్నయ్యతో నేను మాట్లాడతాను."

"వద్దండీ" అంది అక్క మెల్లగా. "రేపు ఇంకేదైనా పోతేనో?"

మామ్మ ఆమె చేతులు వదల్లేదు. ఈమధ్య కోటిపల్లి నుంచి మంచి కథొకటి వచ్చింది, ఈ గట్టు మీద కూర్చుని చెబుతాను వినమ్మా అంది. అక్క నవ్వడానికి ప్రయత్నించింది.

"కథ వింటే ఎవరో ఒకర్ని అనుమానించాలి కదండీ. ఇప్పుడు నా వల్ల కాదండీ."

తిరిగి పడవెక్కాం. మా ఊరి ఒడ్డు దగ్గరపడ్డాక మామ్మ నాకేసి చూడకుండానే, "కథలో మనుషుల్ని అనుమానిస్తే వాళ్ళు ఇల్లొదిలి పోనక్కర్లేదే" అంది.

అక్క మళ్ళీ మా ఊరు రాలేదు. ఆ తర్వాత రెండో వర్షాకాలంలో చలిజ్వరంతో పోయిందని పడవవాళ్ళు చెప్పారు. మామ్మ కోటల కథలే చెబుతూ వచ్చింది, దొంగల కథ ఎవరడిగినా గుర్తులేదనేది. ఊళ్ళో ఎవరింట్లో ఏ వస్తువు పోయినా మాత్రం వెంటనే బయలుదేరేది. వెతకడానికి కాదు. నలుగురూ ఎవరి వైపు చూస్తున్నారో గమనించి, వెళ్ళి ఆ మనిషి పక్కన కూర్చునేది. ఏమీ మాట్లాడేది కాదు, వస్తువు దొరికేదాకా లేచేది కాదు.

నాకిప్పుడు మామ్మ వయసు దాటింది. మొన్న మా ఇంట్లో వెండి గిన్నె కనబడలేదు. కోడళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, ఆ తర్వాత అంట్లు తోమే పిల్ల వైపు చూశారు. నేను కర్ర పట్టుకుని మెల్లగా లేచి, పెరట్లోకి వెళ్ళి, ఆ పిల్ల పక్కన పీట వాల్చుకుని కూర్చున్నాను.